చావులేని మొగుడు

అష్టూరులో హుమాయూన్ షా సమాధి సగమే నిలబడి ఉంది. మిగతా సగం పిడుగు పడి కూలిపోయింది. బీదరు ఊరు దాటి తూర్పుకు పోతే పొలాల మధ్య బహమనీ సుల్తానుల గుమ్మటాలు వరసగా కనిపిస్తాయి. వాటిలో ఇదొక్కటే నిలువునా చీల్చినట్టుంటుంది. గోడ ఎంత మందమో, గుమ్మటం వంపు ఎక్కడ మొదలైందో, కింద సమాధి మీద ఎండ ఎట్లా పడుతుందో అన్నీ ఒక్కచోట నిలబడే చూడొచ్చు. చూడ్డానికి వచ్చినవాళ్లకు మావైపు జనం చెప్పేది మాత్రం కట్టడం సంగతి కాదు. జాలిం పడుకున్న చోటు గనక దేవుడే పిడుగు వేశాడంటారు.

హుమాయూన్ ఏలింది 1458 నుంచి 1461 దాకా. ఆ మూడేళ్లకే 'జాలిం', అంటే క్రూరుడు, అన్న పేరు పడింది, ఇప్పటికీ పోలేదు. తిరగబడ్డవాళ్లను బజారులో క్రూరమృగాలకు వేయించాడని, వాళ్ల ఇంటి ఆడవాళ్లనూ వదల్లేదని ఫిరిష్తా రాశాడు. ఫిరిష్తా రాసింది సుమారు 150 ఏళ్ల తర్వాత, బీజాపూరులో కూర్చుని. బహమనీల చరిత్ర రాసిన షేర్వానీ ఈ కథలను పూర్తిగా నమ్మలేదు, హుమాయూన్ పేరు కావాలనే చెడగొట్టారని వాదించాడు. వాళ్ల తగువు వాళ్లది. నా మనసు ఆగేది సుల్తాను చావు దగ్గర. మత్తులో పడి ఉన్నప్పుడు అంతఃపురంలోని ఒక దాసి చంపేసిందని ఒక కథనం. ఆమె ఎవరు, ఏ ఊరినుంచి కొని తెచ్చారు, ఆ రాత్రి తర్వాత ఏమైంది, ఏదీ తెలీదు. పేరు కూడా లేదు. ఒక రాజ్యం చరిత్రను మలుపు తిప్పిన ఆడదానికి చరిత్రలో దక్కింది ఒకే ఒక్క వాక్యం, అదీ మగవాడు రాసింది.

అదే అంతఃపురంలో ఇంకొకామె ఉంది. హుమాయూన్ భార్య నర్గిస్ బేగం, మఖ్దూమా జహాన్ అని పిలిచేవాళ్లు. మొగుడు పోయాక పసివాడైన కొడుకును గద్దె మీద కూర్చోబెట్టి, ఖ్వాజా జహాన్, మహమూద్ గవాన్ ఇద్దరినీ చెరోపక్క పెట్టుకుని, పరదా వెనకనుంచి రాజ్యం నడిపింది. ఖ్వాజా జహాన్ మీద నమ్మకం పోయినప్పుడు అతను దర్బారులోనే కత్తికి బలయ్యాడు, ఆజ్ఞ పరదా వెనకనుంచే వచ్చిందంటారు. ఈమెకు చరిత్రలో నాలుగు పేజీలైనా దొరుకుతాయి. కానీ ఈమె రాసింది కూడా మనకు ఒక్క ముక్క దొరకదు.

నేను బీదరులో ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. పుట్టింది జహీరాబాదు దగ్గర పల్లెలో. 1956లో రాష్ట్రాలు విడదీసేదాకా అది కూడా బీదరు జిల్లాలోదే. అందుకే పెళ్లయి బీదరు వచ్చినప్పుడు పరాయి ఊరికి పోతున్నానని మా అమ్మ ఏడవలేదు. క్లాసులో కన్నడం పిల్లలు, మరాఠీ పిల్లలు, దక్కనీ ఉర్దూ పిల్లలు, మధ్యలో మా తెలుగువాళ్లు. వీళ్లందరికీ కలిపి నేను చెప్పాల్సిన పాఠాల్లో ఇంగ్లండు ఆడవాళ్లు రాసిన గోథిక్ నవలలు ఉండేవి.

ఆ సరుకు సంగతి తెలియనివారికి నాలుగు మాటలు. 1764లో హొరేస్ వాల్పోల్ అనే దొర ఒక పాత కోట, ఒక దుష్టుడైన ప్రభువు, పారిపోయే ఒక అమ్మాయి, ఆకాశంనుంచి ఊడిపడే ఒక ఇనుప శిరస్త్రాణంతో కథ అల్లాడు. తర్వాత ఆ దుకాణం మెల్లగా ఆడవాళ్ల చేతికి వచ్చింది. ఆన్ రాడ్‌క్లిఫ్ 1794లో రాసిన 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'లో అనాథ పిల్ల ఎమిలీని మేనత్త మొగుడు కొండల్లోని కోటకు తీసుకుపోయి బంధిస్తాడు. తలుపు చప్పుళ్లు, ముసుగు వేసిన పటం, ఎక్కడినుంచో వినబడే పాట. చివరికి రాడ్‌క్లిఫ్ ఒక్కో దయ్యానికీ ఒక్కో మామూలు కారణం చెప్పేస్తుంది. మిగిలే నిజమైన భయం ఒక్కటే: ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టమని అడిగే మగవాడు. 1976లో ఎలెన్ మోయర్స్ అనే అమెరికా విమర్శకురాలు ఆడవాళ్లు రాసిన ఈ సాహిత్యానికంతా 'ఫీమేల్ గోథిక్' అని పేరు పెట్టింది.

ఉడాల్ఫో చెప్తూ కోట వర్ణన వచ్చిన దగ్గర పిల్లలు నవ్వేవాళ్లు. వాళ్లు రోజూ బస్సులో కోట పక్కనుంచే వస్తారు. గుంబద్ దర్వాజా, షర్జా దర్వాజా, నల్లరాతిలో ముత్యపుచిప్ప పొదిగిన రంగీన్ మహల్, తుర్కీ రాణికోసం కట్టారని చెప్పుకునే తర్కష్ మహల్, అన్నీ వాళ్లకు ఆదివారం షికారు చోట్లు. హుమ్నాబాదు పిల్ల ఒకతె లేచి అడిగింది, "మేడం, కోటలు మన దగ్గర ఇన్ని ఉన్నాయి కదా, మరి మన ఆడవాళ్లు ఇట్లాంటివి ఎందుకు రాయలేదు?"

అప్పటికి నాకు తోచిన జవాబు, చదువు లేదు గనక, అని. అది సగం నిజం. మిగతా సగం దొరకాలంటే బీదరు కోట వదిలిపెట్టి పడమటికి, ఎనభై కిలోమీటర్ల లోపే ఉన్న బసవకల్యాణానికి పోవాలి. ఇదే జిల్లాలో, హుమాయూన్ జాలింకు మూడు వందల ఏళ్ల ముందే, ఆడవాళ్లు రాశారు. ఒకరిద్దరు కాదు, ముప్పైమందికి పైగా. వాళ్ల రచనల్లోనూ పాడుబడ్డ గుళ్లున్నాయి, అడవులున్నాయి, శ్మశానముంది, మనుషులు కానివాళ్లతో ప్రేమ ఉంది. ఒక్క భయం మాత్రం లేదు.

బసవకల్యాణం ఇప్పుడు జాతీయ రహదారి మీద లారీలు ఆగే ఊరు. అప్పుడు చాళుక్యుల రాజధాని, వాళ్లనుంచి గద్దె లాక్కున్న కలచురి బిజ్జలుడి రాజధాని. బిజ్జలుడి కొలువులో భండారి బసవన్న, ఆయన చుట్టూ శివభక్తులైన శరణులు, వాళ్లు కూడి మాట్లాడుకునే అనుభవ మంటపం. ఆ సంగతులు తెలుగువాళ్లకు కొత్త కాదు, పదమూడో శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు ద్విపదలో బసవపురాణం చెప్పాడు. 1369లో భీమకవి కన్నడంలోకి తెచ్చుకున్నది మన సోమనాథుడి పుస్తకాన్నే. బసవన్న అక్క నాగమ్మ పేరుతో ఊళ్లో ఇప్పటికీ ఒక గుహ ఉంది. బసవన్న భార్య నీలాంబిక వచనాలు రాసింది, అంటే శరణులు కన్నడంలో చెప్పిన చిన్న కవితలు. ఐదక్కి లక్కమ్మ, మొగుడు ఒకనాడు అవసరానికి మించి బియ్యం ఏరుకొస్తే తిరిగి పోసి రమ్మని పంపింది, అదీ వచనమే. సూళె సంకవ్వ అనే వేశ్య రాసింది ఒక్కటే వచనం మిగిలింది. ఒకడి దగ్గర డబ్బు తీసుకున్నాక రెండోవాడి దగ్గర తీసుకోనన్నది అందులోని ప్రతిజ్ఞ. తీసుకుంటే తనకు ఏమేం శిక్షలు పడతాయో ఆమె చెప్పే తీరు చదివితే ఒళ్లు జలదరిస్తుంది, ఎర్రగా కాల్చిన కత్తి కూడా ఉంటుంది అందులో. ఆమె తన దేవుణ్ణి పిలిచే పేరు నిర్లజ్జేశ్వరుడు, సిగ్గులేని స్వామి. సిగ్గు అనే తాడుతో తనను జీవితమంతా కట్టినవాళ్ల ముందు ఆ పేరు పలకడానికి ఎంత గుండె కావాలో నేను లెక్క కట్టలేను.

వీళ్లందరిలోకీ పెద్దక్క అక్క మహాదేవి. శివమొగ్గ వైపు ఉడుతడిలో పుట్టింది. కౌశికుడనే రాజు కన్నుపడింది. హరిహరుడు కన్నడంలో రాసిన రగళెలో ఆమె షరతులు పెట్టి పెళ్లికి ఒప్పుకుంటుంది, అతను షరతులు తప్పినప్పుడు వదిలేసి వెళ్తుంది. పెళ్లే జరగలేదన్న కథలూ ఉన్నాయి. ఎట్లా జరిగినా, వెళ్లేటప్పుడు రాజు ఇచ్చిన బట్టలు కూడా అక్కడే వదిలేసింది. ఒంటికి జుట్టే కప్పు. అట్లా నడిచి కల్యాణానికి వచ్చింది.

మంటపంలో అల్లమప్రభు ఆమెను నిలబెట్టి అడిగిన ప్రశ్నలు పదిహేనో శతాబ్దపు శూన్యసంపాదనెలో ఉన్నాయి. నీ మొగుడెవరో చెప్పు, చెబితేనే కూర్చో అన్నాడు. దేహం మీద మోహం పోయిందంటున్నావు, మరి జుట్టుతో ఎందుకు కప్పుకున్నావు అని అడిగాడు. అడిగింది ఒక వైవా పరీక్షలాంటిది, చుట్టూ కూర్చున్నది దాదాపు అందరూ మగవాళ్లే. ఆమె చెప్పిన జవాబు సారాంశం ఇది: పండు లోపల పక్వానికి వచ్చేదాకా తోలు రంగు మారదు, అంతేకాక చూస్తే మీకే బాధ కలుగుతుందని కప్పుకున్నాను. ఈ రెండో సగం చదివినప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. సిగ్గు తనది కాదని, చూసేవాళ్ల కళ్లదని అంత మర్యాదగా, అంత సూటిగా సభలో చెప్పినవాళ్లు ఇంకెవరున్నారు? ఆ సంభాషణను రాసి పెట్టింది మూడు శతాబ్దాల తర్వాతి మగవాళ్లేనన్న సంగతి మరవకూడదు.  అయినా ఆమె మాటే ఎక్కువగా గుర్తుంటుంది. అన్నట్టు ఆ అల్లమప్రభు అవతారమే బహమనీ సుల్తాను అహ్మద్ షా వలీ అని మావైపు లింగాయతులు నమ్ముతారు. అష్టూరులో ఆ సుల్తాను ఉరుసుకు జంగమయ్యే పెద్దరికం వహిస్తాడు, హిందువులూ ముసల్మానులూ కలిసి పోతారు.

ఇక ఆమె చెప్పిన మొగుడి సంగతి. చెన్నమల్లికార్జునుడు, శ్రీశైలం మల్లన్న. చావు లేదు, చేటు లేదు, ఇదీ అని చెప్పే రూపం లేదు. చచ్చే మొగుళ్లు, కుళ్లే మొగుళ్ల సంగతి ఎత్తితే ఆమె మాట ఏకంగా వంటింటి పొయ్యి దాకా పోతుంది. దీన్ని భక్తి అని మాత్రమే చదివి పక్కన పెట్టడం మనకు అలవాటు. కానీ పన్నెండో శతాబ్దపు ఆడదానికి ఆ పెళ్లిలో ఏముందో ఒకసారి చూడండి. మొగుడికి చావు లేదు కాబట్టి వైధవ్యం లేదు. గుండు లేదు, మూల గది లేదు, చితి లేదు. రాజు వచ్చి నా పెళ్లాం అని లాక్కుపోవడానికి వీల్లేదు, ఆమె ముందే ఒకరి ఇల్లాలు. అత్తగారింటికి పోవాల్సిన పని కూడా లేదు, ఆ అత్తగారిల్లు అడవి. ఆ రోజుల్లో ఏ ధర్మశాస్త్రమూ ఇవ్వని స్వేచ్ఛను ధర్మశాస్త్రం కాదనలేని పద్ధతిలో సంపాదించింది.

ఒక వచనంలో తన బతుకుతెరువు లెక్క చెప్తుంది. ఆకలికి ఊళ్లో భిక్ష, దాహానికి చెరువు, పడుకోడానికి పాడుబడ్డ గుడి. రాడ్‌క్లిఫ్ నవలలో పాడుబడ్డ కట్టడం అంటే రెండు అధ్యాయాల వణుకు. అక్కకు అది డబ్బివ్వాల్సిన పనిలేని సత్రం. కోటలో తలుపుకు లోపల గడియ లేక ఎమిలీ రాత్రంతా మేలుకుంటుంది, అక్క మహాదేవి తలుపే లేని చోట నిద్రపోతుంది. భయం ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. అది ఇంట్లో ఉంది. ఒకామె ఇంట్లోనే ఉండి దాన్ని వెతికింది, ఇంకొకామె ఇల్లే వదిలేసింది. కల్యాణంనుంచి శ్రీశైలం దాకా నడిచి, కదళీవనంలో ఆమె కనబడకుండా పోయింది. శ్రీశైలం పోయినవాళ్లు కృష్ణ మీద లాంచీలో వెళ్లి అక్క మహాదేవి గుహలు చూసే ఉంటారు.

ఆమె ఒక్కతే అయితే విడ్డూరం అనుకోవచ్చు. అంతకు ఆరేడు వందల ఏళ్ల ముందు తమిళదేశంలో కారైక్కాల్ అమ్మైయార్ ఉంది. అసలు పేరు పునీతవతి, వ్యాపారి భార్య. ఆమె చేతిలో దేవుడి మహిమతో మామిడిపండు పుట్టడం చూసి మొగుడు భయపడి ఊరు విడిచి పోయి ఇంకో పెళ్లి చేసుకున్నాడు. పుట్టిన కూతురికి మళ్లీ ఆ పేరే పెట్టుకున్నాడు! బంధువులు పునీతవతిని అతని దగ్గరికి తీసుకెళ్తే అతనే వచ్చి కాళ్ల మీద పడ్డాడు. మొగుడికే అక్కర్లేని అందం తనకెందుకని ఆమె శివుణ్ణి అడిగి ఒంటి మీది మాంసం తీసేయించుకుంది, పేయ్ అయింది. అంటే దయ్యం. కైలాసానికి చేతుల మీద నడిచి వెళ్లింది. తిరువాలంగాడు శ్మశానంలో కూర్చుని పాటలు కట్టింది. ఎండిన రొమ్ములు, లోతుకుపోయిన కళ్లు, కాలుతున్న శవాల చుట్టూ తిరిగే దయ్యాలు, అన్నీ ఆ పాటల్లో ఉంటాయి. చూసి రాసినది కాదది. తానే అందులో ఒకతెనని ఆమె చెప్పుకుంది. ఇంగ్లండులో ఇట్లా దయ్యం తానే అయి కవిత్వం చెప్పిన ఆడది నాకు తారసపడలేదు. తిరువాలంగాడు మనకు దూరం కూడా కాదు, తిరుత్తణి పక్కనే.

మన సోమనాథుడి బసవపురాణంలో బెజ్జమహాదేవి ఉంది. శివుడికి తల్లి లేదు గనకనే ఈ బూడిద పూసుకోవడం, ఈ పాములు మెళ్లో వేసుకోవడం అని జాలిపడి తానే తల్లయింది. లింగానికి నలుగు పెట్టి నీళ్లు పోసింది. ఒకామె పెళ్లాం, ఒకామె తల్లి, ఒకామె దయ్యం. మనుషుల్లో ఉన్న వరసలతో పొసగనప్పుడు మనిషి కాని వరస ఒకటి కలుపుకోవడం అన్నది ఈ దక్షిణాపథంలో ఆడవాళ్లకు తెలిసిన ఉపాయం. ఇది నా మాట, ఎవరైనా కొట్టిపారేసినా నేను విడిచిపెట్టను.

అందరూ అక్క మహాదేవులు కాలేరు. పొలం పని, పిల్లలు, పశువులు వదిలి శ్రీశైలం పోవడానికి కుదరని కోడళ్లకు అదే ఉపాయం చిన్న మోతాదులో దొరికేది. మావైపు దాన్ని శిగమూగడం అంటారు, అంటే పూనకం రావడం. నా చిన్నప్పుడు మా వాడకట్టులో ఒక కోడలికి శుక్రవారం శుక్రవారం శిగం వచ్చేది. సన్నగా, నోట్లో నాలుక లేని మనిషి. ఊదు పొగ లేవగానే జుట్టు విరబోసుకుని ముందుకు వెనక్కు ఊగేది, పళ్లు పటపట కొరికేది. మామను 'ఒరేయ్' అనేది. ఆ పూట ఆయన చేతులు కట్టుకుని నిలబడి 'ఏం కావాలి తల్లీ' అని అడగాల్సిందే. అడిగినవి నాకు ఇప్పటికీ గుర్తే: ఒక కోడిపుంజు, పచ్చచీర, నెల రోజులు పుట్టిల్లు. వేపమండలతో ఒళ్లంతా దులిపి, నిమ్మకాయ కోసి, నీళ్లు చల్లి దించేవాళ్లు. లేచి కూర్చుని ఏమైందని అడిగేది, తనకేమీ గుర్తులేదనేది. నెలలోపే పుట్టింటికి బండి కట్టేవాళ్లు. తగ్గకపోతే గురువారం దర్గాకు తీసుకుపోవడం, అక్కడ తాయెత్తు, ఊదు, ఇంకో పూట ఊగడం. 1971లో ఐ.ఎం. లూయిస్ అనే మానవశాస్త్రవేత్త ప్రపంచంలో చాలాచోట్ల పూనకం అన్నది నోరెత్తలేనివాళ్లు నోరెత్తే దారి అని పుస్తకం రాశాడు. మా అమ్మ ఆ పుస్తకం చదవలేదు గానీ ఆ కోడలు ఊగినప్పుడల్లా కొంగు నోటికి అడ్డంపెట్టుకుని, "పాపం, ఈసారైనా పంపిస్తారేమో" అనేది.

చదువు వచ్చాక ఈ దారి మూసుకుపోయింది. ఇంగ్లండులో అయినా తెలుగునాట అయినా జరిగింది దాదాపు ఒకటే. మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1792లో ఆడవాళ్ల హక్కుల మీద పుస్తకం రాసింది. ఆమె పూర్తిచేయకుండానే పోయిన నవల 1798లో వచ్చింది. మొగుడు పిచ్చాసుపత్రిలో పెట్టించిన ఒక ఇల్లాలి కథ అది. దయ్యాల కోటలన్నీ ఈ ఇంటి ముందు ఏపాటివి అన్న ధోరణిలోనే మొదలవుతుంది. ఆమెను పురిటి జ్వరానికి పోగొట్టుకున్న కూతురు మేరీ షెల్లీ 1818లో 'ఫ్రాంకెన్‌స్టైన్' అచ్చు వేయించింది, పుస్తకం మీద పేరు లేకుండా. తల్లి లేకుండా మగవాడొక్కడే ప్రాణిని పుట్టిస్తే ఏమవుతుందో ఆ నవల. బెజ్జమహాదేవి చదివి ఉంటే, తల్లి లేని బిడ్డ కదా, పాలు పోసి ఉండేది.

మన దగ్గర వీరేశలింగం భూతవైద్యాన్ని, రసవాదాన్ని, జోస్యాన్ని కలిపి ఉతికాడు. ఆ బళ్లో చదివిన ఆడవాళ్లు దయ్యాలను ముట్టుకోలేదు. భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చింది. చరిత్రలో తెలివి, ధైర్యం, చదువు ఉన్న ఆడవాళ్ల జీవితాలు అవి. వెర్రిది, పిచ్చిది, దయ్యం పట్టింది అని ఆడవాళ్లను కొట్టిపారేసే రోజుల్లో వాళ్లకు బుద్ధి ఉందని నిరూపించడమే మొదటి పని, అందులో తప్పు పట్టేందుకేం లేదు. కానీ కోపం కప్పుకోడానికి ఉన్న ఒక్క వేషం అక్కడ పోయింది. ఆ తర్వాత చాలాకాలం తెలుగు రచయిత్రుల కథల్లో ఆడది ఏడ్చింది, ఓర్చుకుంది, వాదించింది. ఊగలేదు. డెబ్బైల నవలల్లో పెద్ద మేడలున్నాయి, గుండ్రటి మెట్లున్నాయి, మేడ యజమాని ముక్కోపం ఉంది. ఇంగ్లీషు నవలల్లోలా అటక మీద దాచిపెట్టిన మొదటి భార్య మాత్రం లేదు.

దయ్యాలను మళ్లీ తెచ్చింది మగవాళ్లు. యండమూరి 'తులసిదళం' చేతబడి నవల ఇంటింటా తిరిగినప్పుడు రంగనాయకమ్మ 'తులసిదళం కాదు గంజాయి దమ్ము' అని పుస్తకమే రాసింది. చదువుకున్నవాళ్ల ఇళ్లల్లోకి మూఢనమ్మకాన్ని దొడ్డిదారిన తెస్తున్నారన్నది ఆమె కోపం. ఆమె చెప్పింది సబబే, చేతబడి చేశారన్న అనుమానంతో పల్లెల్లో ముసలి ఆడవాళ్లను పళ్లు రాలగొట్టి, కొట్టి చంపిన రోజులవి, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. దయ్యం అన్న మాట ఆడదాని నోట్లో ఆయుధం, ఊరి నోట్లో ఉరితాడు. ఆ తేడా తెలియకుండా అక్క మహాదేవి గురించి మాట్లాడకూడదు.

అట్లాగని మేడల్లోని భయం రాయకుండా ఉండిపోలేదు. బీదరు ఏ రాజ్యంలో ఉండేదో ఆ హైదరాబాదు దేవిడీల లోపలి సంగతులు ఉర్దూలో వాజిదా తబస్సుమ్ రాసింది. 'ఉతరన్' కథలో దాది కూతురు చిన్నప్పటినుంచీ నవాబు కూతురు విడిచిన బట్టలే కట్టుకుంటుంది. పెళ్లికి ముందు రాత్రి ఆ పిల్ల పెళ్లికొడుకు గదికి వెళ్తుంది. ఇక నుంచి విడిచినది వాడుకునేది దొరసాని. ఈ కథ చదివిన ప్రతిసారీ బీదరు కోటలో పేరులేని ఆ దాసికి నోరొచ్చినట్టే అనిపిస్తుంది నాకు. 1991లో సూసీ తారు, కె. లలిత హైదరాబాదులో కూర్చుని 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' మొదటి సంపుటం తెచ్చినప్పుడు అక్క మహాదేవీ సూళె సంకవ్వా అందులోకి వచ్చారు. కన్నడం చదవలేని నాలాంటివాళ్లకు ఆ పుస్తకమూ, 1973లో రామానుజన్ ఇంగ్లీషులోకి తెచ్చిన వచనాలూ లేకపోతే పక్క ఊరి ఆడవాళ్లు తెలిసేవాళ్లే కాదు.

పాఠాల్లో చివరికి 'ది ఎల్లో వాల్‌పేపర్' వచ్చేది. షార్లట్ పెర్కిన్స్ గిల్మన్ కథ, 1892లో అచ్చయింది. బాలింత జబ్బుకు విశ్రాంతి అని మొగుడు గదిలో పెట్టిన ఆడది, గోడకాగితం వెనక ఇంకో ఆడది పాకుతున్నట్టు చూస్తుంది. దానికి జోడీగా నేను పి. సత్యవతి 'ఇల్లలకగానే' చెప్పేదాన్ని, సిలబస్‌లో లేకపోయినా. ఇల్లు అలికీ అలికీ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు. పేరు గుర్తుచేయమని మొగుణ్ణి, పనిమనిషిని, ఇరుగుపొరుగును, చివరికి పుట్టింట్లో అమ్మను అడుగుతుంది. పాత స్నేహితురాలు ఒకతె పిలిస్తే తప్ప ఆ పేరు దొరకదు. దయ్యం లేదు, కోట లేదు, సున్నం వేసిన మామూలు ఇల్లు. తెలుగులో నేను చదివిన గోథిక్ కథల్లో దీన్ని మించింది లేదు.

ఈ కథ చెప్పిన రోజు తెలుగు పిల్లలు నవ్వారు, కన్నడం పిల్లలు రాసుకున్నారు. మరాఠీ పిల్లలే ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. భాల్కీ వైపునుంచి వచ్చే పిల్ల చెయ్యెత్తి, వాళ్ల ఇళ్లల్లో పెళ్లినాడు పళ్లెంలో బియ్యం పోసి, పెళ్లికొడుకు ఉంగరంతో పెళ్లికూతురి కొత్త పేరు రాస్తాడని, ఆ రోజునుంచి పాత పేరుతో ఎవరూ పిలవరని చెప్పింది. వాళ్లమ్మ పాత పేరు ఏమిటని అడిగాను. తెలీదంది. అయితే అదే ఇంటిపని అన్నాను, అందరూ ఇంటికి పోయి అమ్మనో, నాయనమ్మనో అడిగి రండి అని. చాలామంది పేర్లు తెచ్చారు. ఇద్దరి అమ్మలు చెప్పడానికి ఒప్పుకోలేదట, ఇప్పుడు అవన్నీ ఎందుకన్నారట. భాల్కీ పిల్ల వాళ్లమ్మ మాత్రం, మీ మేడంకు ఎందుకు కావాలని రెండుసార్లు అడిగి, నోటితో చెప్పకుండా నోట్‌బుక్కు లాక్కుని తానే రాసిచ్చిందట. పిల్ల ఆ పేజీ నాకు చూపించింది. ముడుచుకున్న అక్షరాలతో, పేరు పక్కన తండ్రి పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు, తాలూకా, ఆ కింద తాను ఏడో తరగతి పాసైన సంవత్సరం కూడా ఉన్నాయి.